పెరట్లో జెరూసలేం ఆర్టిచోక్: వరంగల్, ఉత్తర తెలంగాణ ఇళ్లవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పెరటి తోటలవారికి విత్తన గడ్డలు ఇచ్చిన ప్రతిసారీ ఇవే సందేహాలు తిరిగి వస్తున్నాయి. వాటిని నాటే ముందు నుంచి వంటింటి దాకా దశలవారీగా ఇక్కడ పెట్టాను. ఈ పంట గురించి దొరికే సమాచారంలో ఎక్కువ భాగం మంచు కురిసే దేశాలవారు రాసినది. అక్కడ శీతకాలం చేసిపెట్టే పనిని ఇక్కడ మనం చేతులతో చేయాలి. మన దగ్గర ఈ పంట గెలిచేదీ ఓడేదీ ఎక్కువగా విత్తన గడ్డను వేసవి దాటించే పద్ధతి మీదే. అందుకే ఆ జవాబు మిగతా వాటికంటే పొడవుగా ఉంటుంది.

## నాటే ముందు

ఇది ఆలుగడ్డ జాతా, చేమగడ్డ జాతా?

రెండూ కాదు. ఇది పొద్దుతిరుగుడుకు దగ్గరి చుట్టం. ఆకు గరుకుగా, పువ్వు చిన్న పొద్దుతిరుగుడులా ఉంటుంది. నేల కింద అల్లపు కొమ్ములను పోలిన గడ్డలు కాస్తాయి. పుట్టిల్లు ఉత్తర అమెరికా. ఫ్రెంచి నావికుడు శాంప్లెయిన్ 1605లో అక్కడి తూర్పు తీరంలో స్థానిక జాతులవారు దీన్ని సాగు చేయడం చూశాడు. ఆ తరువాత ఐరోపాకు చేరింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆలుగడ్డ కరువైన ఫ్రాన్సులో చాలా ఇళ్లను ఇదే ఆదుకుంది. జెరూసలేం నగరానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఆర్టిచోక్ విత్తనాల ప్యాకెట్ తెప్పించాను. అవి చల్లితే సరిపోతుందా?

సరిపోదు. ప్యాకెట్లలో వచ్చేవి సాధారణంగా వేరే మొక్క విత్తనాలు. దాని పూమొగ్గను వండుకుంటారు, కింద గడ్డ ఉండదు. జెరూసలేం ఆర్టిచోక్‌ను గడ్డతోనే పెంచాలి. ఇది గింజ కట్టడం అరుదు, కట్టినా ఆ గింజ నుంచి వచ్చే మొక్క తల్లిని పోలదు. ఆన్‌లైన్ నర్సరీలలో గానీ, ఇప్పటికే పెంచుతున్నవారి దగ్గర గానీ గడ్డలు తీసుకోండి. వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తబడినది, బూజు వాసన వచ్చేది ఉచితంగా ఇచ్చినా వద్దు.

రామగుండం, వరంగల్ ఎండలకు ఇది బతుకుతుందా?

నడి వేసవిలో బతికించాలని చూడకండి. ఏప్రిల్, మే ఎండలో లేత మొక్క మాడిపోతుంది, దానికి పోసిన నీళ్లూ వృథా. ఇక్కడ దీన్ని వానాకాలపు పంటగా చూడాలి. తొలకరికి నాటి, చలికాలం మొదట్లో తవ్వుకోవాలి. జూన్ నుంచి నవంబరు వరకు మన వాతావరణం దీనికి చాలినంత అనుకూలమే. ఆదిలాబాద్, నిర్మల్ వైపు చలి ఎక్కువ కాబట్టి అక్కడివారికి చివరి రెండు నెలలు ఇంకా బాగుంటాయి.

మాది నల్లరేగడి. పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ మట్టిని ఎత్తు చేసి. రేగడిలో వాన నీరు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది. ఎండినప్పుడు నేల బిగుసుకుంటే గడ్డలు వంకరలు పోతాయి, తవ్వడమూ కష్టం. అడుగు ఎత్తున కట్ట పోసి, అందులో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. జగిత్యాల, ఆర్మూర్ వైపు పసుపును ఎత్తు మడుల మీద నాటడం చూసినవారికి ఈ పద్ధతి విడమరిచి చెప్పనక్కర లేదు.

ఎర్ర చెలక నేల ఉన్నవారిది అదృష్టం. నీరు ఇంకిపోతుంది, గడ్డ నున్నగా వస్తుంది. అయితే చెలకలో తేమ నిలవదు కనుక ఎరువుతో పాటు కొంచెం చెరువు పూడిక మట్టి కలిపితే మేలు.

మాకు పెరడు లేదు, డాబా మీద సంచుల్లో వస్తుందా?

వస్తుంది, దిగుబడి తక్కువ. సంచి కనీసం 18 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉండాలి. ఒక సంచికి ఒకే గడ్డ. రెండు పెడితే రెండూ చిన్నవే వస్తాయి. ఎర్రమట్టి, మాగిన ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలపండి. డాబా మీద అసలు బాధ గాలి. ఆరడుగుల మొక్క ఈదురు గాలికి సంచితో సహా పడుతుంది కనుక పిట్టగోడ పక్కన, ఏదైనా కడ్డీకి కట్టేలా పెట్టండి. నల్ల సంచి ఎండకు వేడెక్కి వేరును ఉడికిస్తుంది. తెల్ల సంచి తీసుకోండి, లేదా చుట్టూ గోనెపట్టా చుట్టండి.

## నాటడం

ఏ కార్తెలో నాటాలి?

మృగశిర నుంచి ఆరుద్ర వరకు, అంటే జూన్ రెండో వారం నుంచి జులై మొదటి వారం దాకా. దీనికి కారణం తెలుసుకుంటే మీరు ఆలస్యం చేయరు. ఈ మొక్క పగటి పొడవును బట్టి నడుస్తుంది. పగలు ఎక్కువగా ఉన్నంత కాలం ఆకు, కాండం పెంచుకుంటుంది. పగలు తగ్గితే పూతకు, గడ్డకు తిరుగుతుంది. దాని పుట్టింటి ఉత్తర భాగాల్లో జూన్ పగలు 15 గంటలు దాటుతుంది. వరంగల్‌లో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగలు కూడా 13 గంటలకు కొద్ది నిమిషాలే ఎక్కువ. అంటే ఇక్కడ మొక్కకు పెరిగే గడువు ముందే చిన్నది. ఆగస్టులో నాటితే మోకాలెత్తు పెరిగేలోపే గడ్డ కట్టడం మొదలవుతుంది, నాలుగు ఆకులు ఏపాటి గడ్డను మేపగలవు?

వానలు ఆలస్యమయ్యే ఏడాది మే చివర్లో చిన్న సంచుల్లో గడ్డలు పెట్టి, చెట్టు నీడలో మొలకెత్తించి ఉంచుకోండి. వాన పడగానే మడిలోకి మార్చవచ్చు.

గడ్డను ఆలుగడ్డలా కోసి నాటవచ్చా?

కోయవచ్చు. ముక్కకు రెండు మూడు కళ్లు, 40 నుంచి 60 గ్రాముల బరువు ఉండాలి. కోసిన ముక్కలను నీడలో ఒక రోజు ఆరనిచ్చి, కోత మీద కట్టెల బూడిద అద్దండి. నా మాట అడిగితే, వానాకాలంలో కోయకుండా కోడిగుడ్డంత గడ్డలు ఏరి నాటడమే మంచిది. తడి నేలలో కోత నుంచే కుళ్లు మొదలవుతుంది.

ఎంత లోతు, ఎంత ఎడం?

నాలుగైదు అంగుళాల లోతు. మొక్కకు మొక్కకు అడుగున్నర, వరుసకు వరుసకు మూడు అడుగులు. ఒత్తుగా నాటితే గాలి ఆడక బూజు తెగుళ్లు పడతాయి.

నాటి మూడు వారాలైంది, ఒక్క మొలకా రాలేదు. గడ్డ చచ్చిపోయిందా?

చాలాసార్లు చావదు, నిద్రలో ఉంటుంది. తవ్విన గడ్డ కొన్ని వారాలు చలిలో ఉంటే గాని దాని కన్ను తెరుచుకోదు. చల్లని దేశాల్లో మంచు పట్టిన నేలే ఆ పని చేస్తుంది. మన చలికాలం దానికి చాలదు. చలి తగలని గడ్డ నాటితే ఒకటి ఇప్పుడు, ఒకటి నెల తరువాత, అసలు రానివి కొన్ని, ఇలా ఎగుడుదిగుడుగా మొలుస్తాయి.

మెల్లగా వేలితో మట్టి తీసి చూడండి. గడ్డ గట్టిగా ఉంటే మళ్లీ కప్పి ఓపిక పట్టండి. మెత్తగా జారితే తీసి పారేయండి. కొత్తగా తెచ్చిన గడ్డలను నాటే ముందు తడి కొబ్బరి పొట్టులో పెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఫ్రిజ్ కింది అరలో ఉంచితే ఈ బాధ చాలా వరకు తప్పుతుంది.

యూరియా వేయాలా?

వద్దు. నత్రజని ఎక్కువైతే పైన అడవిలా పెరిగి కింద వేళ్లంత గడ్డలే మిగులుతాయి. నాటేటప్పుడు గుంటకు రెండు దోసిళ్ల మాగిన ఎరువు, నెలన్నరకు మట్టి ఎగదోసేటప్పుడు మరో దోసెడు చాలు. పొటాష్ కోసం చెలక నేలలో గుప్పెడు కట్టెల బూడిద చల్లవచ్చు. రేగడి ఇప్పటికే క్షారపు నేల కాబట్టి అక్కడ బూడిద తగ్గించండి.

## మొక్క ఎదిగేటప్పుడు

నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి పెట్టాలి?

వాన పడుతున్నంత కాలం పెట్టవద్దు, నీరు బయటికి పోయే దారి మాత్రం చూసుకోండి. వాన పది రోజులు మొహం చాటేస్తే వారానికి రెండుసార్లు తడి ఇవ్వండి. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు అంతా గడ్డ ఊరే కాలం. అప్పటికి వానలు వెనక్కి తగ్గుతాయి, చాలామంది సరిగ్గా అప్పుడే మొక్కను మరిచిపోతారు. ఆ నెలన్నర నేల ఎండకూడదు. మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి గానీ ఆకులు గానీ పరిస్తే సగం నీళ్లు ఆదా అవుతాయి.

గాలివానకు మొక్కలన్నీ ఒరిగిపోయాయి. ఏమి చేయాలి?

కాండం విరగకపోతే భయం లేదు. లేపి నిలబెట్టి, మొదట్లో మట్టి ఎగదోసి, వరుసకు రెండు వైపులా వెదురు బొంగులు పాతి తాడు లాగండి. ముందుజాగ్రత్తగా మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడు అర అడుగు మట్టి ఎగదోస్తే ఇంత దూరం రాదు.

పూలు తుంచేయాలా, ఉంచాలా?

మొగ్గలు తుంచితే ఆ బలం గడ్డకు వెళుతుందని చాలామంది తుంచుతారు. పెరటి స్థాయిలో అంత పట్టుదల అక్కరలేదని నా అభిప్రాయం. జూన్‌లో నాటిన మొక్కకు పూత సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది, అంటే బతుకమ్మ రోజుల చుట్టూ. తంగేడు, గునుగు పక్కన ఈ పసుపు పూలు నిండుగా కనిపిస్తాయి. కోసి వాడుకుంటే పండుగా తీరుతుంది, మొక్క బరువూ తగ్గుతుంది. తేనెటీగల కోసం నాలుగు పూలు మొక్క మీద వదిలేయండి.

మొదలు దగ్గర తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గుండ్లు ఉన్నాయి, మొక్క వాడిపోతోంది. ఏమిటిది?

ఇది మొదలు కుళ్లు. మన ప్రాంతంలో ఈ పంటకు వచ్చే తెగుళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది దీనికే. వేరుశనగను, టమాటాను, మిరపను కూల్చే శిలీంధ్రమే ఇది కూడా. వేడి, తడి కలిసిన ఆగస్టు, సెప్టెంబరు రోజులు దానికి పండుగ. ఆ ఆవగింజల్లాంటివే దాని విత్తనాలు, నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి.

వాడిన మొక్క తిరిగి కోలుకోదు. గడ్డలతో సహా, చుట్టూ అర అడుగు మట్టితో పాటు తవ్వి సంచిలో కట్టి పారేయండి. కంపోస్టు గుంటలో మాత్రం వేయకండి. పక్క మొక్కల మొదళ్లకు ఆనుకున్న తడి ఆకులు, గడ్డి లాగేయండి, గాలి తగలనివ్వండి. వచ్చే ఏడాది ఆ చోట మొక్కజొన్నో జొన్నో వేయండి.

రాకముందు చేయగలిగేది ట్రైకోడెర్మా, అంటే తెగులు శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రపు పొడి. పది కిలోల మాగిన పశువుల ఎరువుకు 200 గ్రాముల పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో తడి గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచండి. తరువాత నాటే గుంటల్లో వేయండి. నిరుడు టమాటా గానీ వేరుశనగ గానీ ఇలా చచ్చిన మడిలో ఈ పంట అసలు పెట్టవద్దు.

ఆకుల మీద తెల్లపొడి పట్టింది.

బూడిద తెగులు. పగలు పొడిగా, రాత్రులు చల్లగా మారే అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. పంట చివరి దశలో ఉంటే పట్టించుకోనక్కర లేదు. ముందుగా వస్తే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, ఎండ తగ్గాక పిచికారీ చేయండి. వేపనూనె కొట్టిన రెండు వారాలలోపు గంధకం కొట్టకండి, ఆకు మాడుతుంది.

గొంగళిపురుగులు, పిండినల్లి వస్తున్నాయి.

గొంగళిపురుగులు గుంపుగా ఉన్న ఆకును తుంచి సబ్బు నీళ్లలో వేస్తే పెరటికి చాలు. పిండినల్లికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి.

పందికొక్కులు గడ్డలన్నీ తినేశాయి. ఏమైనా దారి ఉందా?

మందులు పెట్టవద్దు. ఆ మందు తిన్న కొక్కును పిల్లి గానీ గుడ్లగూబ గానీ తింటే అవీ చస్తాయి. మడి చిన్నదైతే నాటే ముందే అడుగున్నర లోతున, పక్కలకు కూడా, అర అంగుళం కన్నున్న ఇనుప జాలీ పరవండి. ఒకసారి ఖర్చు, ఏళ్ల నిశ్చింత. గడ్డలు పక్క మడుల్లోకి పాకకుండా ఆ జాలీయే కొంతవరకు ఆపుతుంది కూడా.

కోతులు ఉన్న ఊళ్లలో మొక్కలు పీకడం ఖాయం. పైన వల లేకుండా పెంచమని అక్కడివారికి నేను చెప్పను.

రెండెకరాల్లో వేస్తే లాభం ఉంటుందా?

కొనేవాడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వేయకండి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి, పసుపు తీసుకెళితే ధర ఎంతైనా కొనేవాళ్లుంటారు. ఈ గడ్డకు అలాంటి అంగడి లేదు. దీని చర్మం పలుచన, తవ్విన వారంలోనే వాడుతుంది, కాబట్టి ధర కోసం ఆగే అవకాశమూ లేదు. ఇది పెరటి పంట.

## తవ్వడం

ఎప్పుడు తవ్వాలి?

ఆకులు పండి, కాండం గోధుమ రంగుకు తిరిగాక. ఇక్కడ ఎక్కువగా నవంబరు నుంచి డిసెంబరు మధ్య. కాండాన్ని అడుగు ఎత్తున కోసి, రెండు వారాలు ఆగి తవ్వండి. ఆ రెండు వారాల్లో చర్మం కాస్త గట్టిపడుతుంది. గడ్డపార వాడకండి, మూడో వంతు గడ్డలకు గాట్లు పడతాయి. మొదలుకు అడుగు దూరం నుంచి పళ్లున్న తోట ఫోర్కుతో మట్టి వదులు చేసి, చేత్తో ఏరండి. అన్నీ ఒకేసారి తవ్వాలని లేదు. డిసెంబరు, జనవరుల్లో నేలలోనే కొద్దిగా తేమతో ఉంచి కావలసినప్పుడు తవ్వుకోవడం అన్నిటికంటే మంచి నిల్వ.

మొక్క ఎనిమిది అడుగులు పెరిగింది, గడ్డలు మాత్రం బొటనవేలంత. ఎందుకు?

నత్రజని ఎక్కువ కావడం, నీడ, ఒత్తుగా నాటడం, అక్టోబరులో నీళ్లు లేకపోవడం, పచ్చగా ఉండగానే తవ్వేయడం, వీటిలో ఏదో ఒకటి. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలని చోట ఇది సరిగా గడ్డ పెట్టదు. మధ్యాహ్నం తరువాత నీడ పడితే ఫరవాలేదు.

ఒక్క మొక్కకు రెండు కిలోలు వస్తాయని చదివాను. నిజమేనా?

చల్లని దేశాల్లో నిజమే. పొడవైన పగళ్లు, చల్లని రాత్రులు ఉన్నచోటి లెక్క అది. ఇక్కడ ఆ అంచనా పెట్టుకోకండి. రెండు మూడు కూరలకు, వచ్చే ఏటి విత్తనానికి సరిపడా వచ్చిందంటే మొక్క తన పని చేసినట్టే.

తవ్వినా మళ్లీ మళ్లీ మొలుస్తోంది. ఎలా వదిలించుకోవాలి?

మట్టిలో మిగిలిన చిన్న ముక్క కూడా మొలుస్తుంది. మొలక జానెడు ఎత్తు కాగానే గడ్డతో సహా లాగేస్తూ ఉంటే రెండు సీజన్లలో అంతరిస్తుంది. దున్నకండి, ముక్కలై ఇంకా పెరుగుతుంది. మిగిలిన గడ్డలను చెరువు కట్ట మీద, కాలువ గట్టున పారేయడం అసలు వద్దు. తడి ఉన్నచోట అది స్థిరపడితే అక్కడి మొక్కలను అణచేస్తుంది.

## నిల్వ

ఆలుగడ్డల్లా గంపలో పోశాను, వారానికే ముడతలు పడ్డాయి. చెడిపోయినట్టేనా?

నీరు కోల్పోయాయి, అంతే. గంటసేపు చల్లటి నీళ్లలో వేస్తే చాలావరకు తేరుకుంటాయి, వెంటనే వండుకోండి. తినడానికి ఉంచుకునే గడ్డలను కడగకుండా, మట్టి దులిపి, చిల్లులు పొడిచిన కవరులో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి.

వచ్చే మృగశిర దాకా విత్తన గడ్డను ఎలా కాపాడాలి?

డిసెంబరు నుంచి జూన్ దాకా ఆరు నెలలు. మధ్యలో 44, 45 డిగ్రీల ఎండ. గడ్డ ఎండకూడదు, కుళ్లకూడదు, ముందే మొలవకూడదు. ఈ మూడింటికీ కలిపి జవాబు చలి, తేమ.

గాటు లేని, మధ్య రకం గడ్డలు ఏరండి. పెద్దవి తినండి. నీళ్లతో కడగవద్దు, నీడలో ఒక పూట ఆరబెట్టి మట్టి దులపండి. కొబ్బరి పొట్టును నానబెట్టి గట్టిగా పిండండి, పిడికిట్లో నొక్కితే చుక్క కారకూడదు. ప్లాస్టిక్ డబ్బాలో పొర పొట్టు, పొర గడ్డలు, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. మూతకు నాలుగైదు రంధ్రాలు పెట్టండి. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి, 4 డిగ్రీల చుట్టూ ఉండే ఆ చలే నిద్ర వదిలించేది కూడా. గడ్డకట్టించే పై అరలో పెడితే మాత్రం చచ్చిపోతాయి.

నెలకోసారి తీసి చూడండి. ఒక్కటి మెత్తబడినా దాన్నీ, చుట్టూ ఉన్న పొట్టునూ తీసేయండి. పొట్టు పొడిబారితే నీళ్లు చిలకరించండి. ఏప్రిల్ కల్లా తెల్లటి మొనలు కనిపిస్తే కంగారు పడకండి, ఆ చలిలో అవి నెమ్మదిగానే సాగుతాయి.

ఫ్రిజ్‌లో చోటు లేనివారికి రెండో దారి ఉంది, కష్టం ఎక్కువ, నష్టమూ ఎక్కువ. మట్టి కుండలో తడి ఇసుక, గడ్డలు పేర్చి, వేప చెట్టు కింద మూతి దాకా పాతి, పైన గోనెపట్టా కప్పి రోజూ తడపాలి. వేసవి ముదిరేసరికి కొన్ని మొలకెత్తుతాయి. వాటిని చిన్న సంచుల్లోకి మార్చి, నీడ వల కింద మొక్కలుగానే జూన్ దాకా దాటించాలి. ఏ దారి పట్టినా సగం గడ్డలు మీ దగ్గర, సగం మరో ఇంట్లో పెట్టించండి. కరెంటు పోయినా, ఒకరి డబ్బా కుళ్లినా, విత్తనం ఊరు దాటిపోదు.

## వంటింట్లో

చెక్కు తీయాలా? ఎలా వండాలి?

చెక్కు తీయనక్కర లేదు, పాత టూత్ బ్రష్‌తో కణుపుల మధ్య మట్టి పోయేలా రుద్ది కడిగితే చాలు. కోసిన ముక్క గాలికి నల్లబడుతుంది కనుక నిమ్మరసం పిండిన నీళ్లలో వేయండి. ఇనుప మూకుడు కంటే స్టీలు గిన్నె మంచిది.

మన వంటల్లో దీనికి బాగా కుదిరేది చింతపండు పులుసు. పులుపు తగిలితే ముక్క చిదిమిపోకుండా నిలుస్తుంది. ఎల్లిపాయ కారంతో వేపుడు రెండో స్థానం, సన్నగా తరిగితే కరకరలాడుతుంది. పప్పులో వేస్తే తీపి పైకి తేలి పప్పు రుచిని మింగేస్తుంది, నాకు నచ్చదు. పచ్చిగా కూడా తినవచ్చు, ఉల్లి, నిమ్మరసంతో కచుంబర్‌లా.

తిన్న రాత్రంతా కడుపు ఉబ్బరం. గడ్డ పాడైందా?

పాడు కాలేదు. ఇందులో పిండిపదార్థం ఎక్కువగా ఇన్యులిన్ రూపంలో ఉంటుంది. దాన్ని మన పేగు అరిగించలేదు, పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెడతాయి, గాలి అక్కడ పుడుతుంది. మొదటిసారి రెండు మూడు ముక్కలకు మించి తినకండి. వారం వారం కొద్దిగా పెంచితే చాలామందికి అలవాటవుతుంది. పులుపు వేసి ఎక్కువసేపు ఉడికించినా, నెల రోజులు చలిలో నిల్వ ఉంచినా ఇన్యులిన్ కొంత విరిగి ఫ్రక్టోజ్‌గా మారుతుంది, గాలి తగ్గుతుంది, తీపి పెరుగుతుంది. పేగు సమస్యలకు వైద్యం తీసుకుంటున్నవారు దీన్ని మానుకోవడమే మేలు. పెళ్లికో, దూర ప్రయాణానికో ముందురోజు ఎవరూ వండుకోకండి.

షుగర్ ఉన్నవారికి మందులా పనిచేస్తుందా?

మందు కాదు. ఆలుగడ్డతో పోలిస్తే రక్తంలో చక్కెరను చాలా నెమ్మదిగా పెంచుతుంది, అది నిజం. పొటాషియం, ఇనుము కూడా బాగానే ఉన్నాయి, వంద గ్రాముల పచ్చి గడ్డలో ఇనుము దాదాపు 3.4 మిల్లీగ్రాములు. ఆలుగడ్డ కూర బదులు వారానికి ఒకటి రెండుసార్లు తినవచ్చు. దీన్ని నమ్ముకుని మాత్రలు తగ్గించడం ప్రమాదం. మూత్రపిండాల జబ్బు వల్ల పొటాషియం తగ్గించమన్నవారు వైద్యుడిని అడగకుండా ముట్టవద్దు.

కాండాలు, ఆకులు మేకలకు వేయవచ్చా?

వేయవచ్చు. పచ్చి ఆకు, లేత కాండం మేకలు, గేదెలు తింటాయి. పంట మధ్యలో కోసి వేస్తే గడ్డ తగ్గుతుంది కాబట్టి తవ్వడానికి ముందు కోసినవే వేయండి. గంధకం గానీ వేపనూనె గానీ కొట్టి ఉంటే రెండు వారాలు ఆగండి. బూజు, కుళ్లు పట్టిన మొక్కలు పశువుల దగ్గరికి రానివ్వకండి. ఎండిన కాండాలను ముక్కలు చేసి మడి మీద పరిస్తే వేసవిలో వంకాయ, బెండ మొక్కల మొదళ్లకు నీడ దొరుకుతుంది.